పాత బండి, కొత్త రేడియేటర్

పాతికేళ్ల మారుతి 800 నడిరోడ్డున మరిగిపోయింది. తుక్కుకు వేసేయమన్నారు ఇంట్లో కొందరు. నాలుగు స్పానర్లు, ఒక ఆదివారం చాలన్నాడు రేడియేటర్ల మిస్త్రీ

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. హైదరాబాద్ మెహిదీపట్నంలో ట్రాఫిక్ కదలడం మానేసి పావుగంట అయింది. మా తెల్ల మారుతి 800లో ఇంజిన్ వేడిని చూపే ముల్లు మధ్య గీత దాటి, ఎర్ర గీత దగ్గరకు వెళ్లి నిలబడింది. చూస్తుండగానే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ''సార్, బండి మరుగుతోంది, బంద్ చెయ్యండి'' అని పక్క ఆటో డ్రైవర్ కేకేశాడు. ఇద్దరు ముగ్గురు చెయ్యి వేస్తే బండిని పక్కకు తోశాం. ముందు సీట్లో ఉన్న నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. 2001లో ప్రావిడెంట్ ఫండ్ నుంచి అప్పు తీసుకుని ఆయన కొన్న బండి అది.

సాయానికి వచ్చిన వారిలో ఒక కుర్రాడు చేతిరుమాలు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాడు. ఆటో డ్రైవర్ అతని మణికట్టు పట్టుకుని ఆపాడు. ఆపకపోతే ఆ రోజు మేం వెళ్లేది ఇంటికి కాదు, కాలిన గాయాల వార్డుకు. ఆ మూత ఉత్త మూత కాదు. దాని మీద 0.9 అనే అంకె ఉంటుంది. లోపలి నీటిని చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల ఒత్తిడి దాకా అదిమిపెట్టి ఉంచుతుందని దానర్థం. అంత ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. దాదాపు 118 డిగ్రీల దాకా నీళ్లుగానే ఉంటాయి. మూత తీయగానే ఒత్తిడి పోతుంది. నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై మిగతా నీటిని ముఖం మీదికి చిమ్ముతుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి పోకుండా మూత తీయకూడదని ఇళ్లలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద మాత్రం ఆ ఇంగితం ఎందుకో పనిచేయదు.

ముప్పావుగంట ఆగాం. ముట్టుకుంటే చెయ్యి కాలనంతగా చల్లబడ్డాక మూత తీసి, పక్క హోటల్ వాళ్లిచ్చిన నీళ్లు కొద్దికొద్దిగా పోశాం. పోసిన నీళ్లలో సగం కింద రోడ్డు మీదికే కారాయి. ఎండ తగ్గాక, మధ్యలో రెండు చోట్ల ఆగి నీళ్లు పోసుకుంటూ, ఇల్లు చేరాం.

ఆ రాత్రి టార్చిలైటు వేసి చూస్తే విషయం తేలిపోయింది. రేడియేటర్ అడుగు మూలలో పచ్చటి చిలుము పొక్కు కట్టింది. గాలి తగలడానికి గొట్టాల మధ్య ఉండే పల్చటి రేకులను మెకానిక్‌లు జాలీ అంటారు. వేలితో తాకితే అది బూడిదలా రాలింది. అంతకన్నా భయపెట్టే ప్రశ్న మరొకటి ఉంది. ఇంజిన్ పైభాగమైన హెడ్ అల్యూమినియంతో చేసింది. బాగా వేడెక్కితే అది వంకరపోతుంది. హెడ్డుకీ, బ్లాకుకీ మధ్య ఉండే గాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు నీళ్లు వెళ్లి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తాయి. ఇక ఆ మరమ్మతుకయ్యే ఖర్చు మా బండికి పలికే ధరతో పోటీపడుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల బయటకు లాగి చూశాను. నూనె నల్లగానే ఉంది. పాలు కలిసిన కాఫీ రంగులోకి మారలేదు. సగం ఊపిరి తీసుకున్నాను. మిగతా సగం రేడియేటర్ మార్చాక గానీ తేలదు.

మర్నాడు ఉదయం బావ వచ్చాడు. ఆయన వాదన సూటిగానే ఉంది. ''ఇంకా ఎన్నాళ్లు దీనికి పోస్తారు? తుక్కుకిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకోండి. కొత్త బండి కొంటే పన్నులో రాయితీ వస్తుంది.'' 2021 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించగా, ఆ ఏడాది ఆగస్టు 13న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన స్వచ్ఛంద తుక్కు విధానం చెప్పేది సరిగ్గా అదే. పాత కారును నమోదైన తుక్కు కేంద్రానికి అప్పగిస్తే, కొత్త కారు ధరలో 4 నుంచి 6 శాతం దాకా తుక్కు విలువ రావచ్చు. సొంత వాహనాలకు రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాష్ట్రాలు తగ్గించవచ్చు. ఇది తాయిలం. బెత్తం మరో చేతిలో ఉంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ రుసుము ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. హరిత పన్ను వేరు. 2016లో ఒకసారి, 2021లో ఒకసారి పొడిగించుకున్న మా బండికి ఈ అక్టోబరుతో గడువు తీరుతుంది. 

అదే ఢిల్లీలో అయితే ఈ చర్చకు తావే లేదు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు తిరగరాదన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో సమర్థించింది. 2025 జులై 1 నుంచి అలాంటి వాహనాలకు బంకుల్లో ఇంధనం పోయరాదన్నారు. జనం గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. యజమానుల మీద కఠిన చర్యలు వద్దని ఆగస్టులో సుప్రీంకోర్టు ఊరటనిచ్చింది. డిసెంబరులో ఆ ఊరటను భారత్ స్టేజ్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. 2001 నాటి మారుతికి అందులో చోటు లేదు.

ఢిల్లీ గాలి పీల్చిన వారెవరూ ఈ నిబంధనలను కొట్టిపారేయలేరు. మా 800లో ఎయిర్‌బ్యాగులు లేవన్న బావ మాటకూ నా దగ్గర జవాబు లేదు. అందుకే దాన్ని హైవే ఎక్కించడం ఎప్పుడో మానేశాం. కానీ వయసుకీ, పరిస్థితికీ తేడా ఉంది. వేళకు ఆయిల్ మార్చి, నీళ్లు చూసుకుని, ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తిరిగే బండినీ, పొగ చిమ్ముకుంటూ రోజంతా తిరిగే బండినీ పుట్టిన తేదీ ఒకే గాటన కడుతుంది. పొగను నిజాయితీగా కొలవడం కష్టం. తేదీ చూడటం తేలిక. సర్కారు తేలికైన పనినే ఎంచుకుంది.

నాన్న ఆ చర్చలోనూ నోరు మెదపలేదు. నేను పాత రేడియేటర్ ఫొటో తీసుకుని కోఠీ దగ్గర జాంబాగ్ వెళ్లాను. అక్కడి సందుల్లో వాహనాల విడిభాగాల దుకాణాల మధ్య రేడియేటర్లు బాగుచేసే ఒక చిన్న షెడ్డు ఉంది. ఒక మూల నీళ్ల తొట్టి, ఇంకో మూల గ్యాస్ మంట, గోడకు వేలాడుతున్న డజను పాత రేడియేటర్లు. మిస్త్రీకి అరవై దాటి ఉంటాయి. ఈ పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఫొటో చూసి తల అడ్డంగా ఊపాడు. ''జాలీ రాలిపోతోందంటే లోపల రేకు కూడా పల్చబడింది సార్. టంకం పట్టదు. పట్టినా ఇవాళ ఇక్కడ మూస్తే రేపు పక్కన కారుతుంది.''

పాత కార్లకు రాగి, ఇత్తడి రేడియేటర్లు ఉండేవి. కారితే విప్పి తెచ్చేవారు. మిస్త్రీ దాని గొట్టాల చివర్లు మూసి, గాలి పంపి, నీళ్ల తొట్టిలో ముంచేవాడు. సైకిల్ ట్యూబు పంక్చర్ వెతికినట్లే. బుడగలు వచ్చిన చోట టంకం వేసేవాడు. గార పట్టి గొట్టాలు పూడుకుపోతే పై తొట్టి మంటతో ఊడదీసి, సన్నటి ఊచ దూర్చి ఒక్కో గొట్టం తోమేవాడు. దాన్ని రాడింగ్ అంటారు. హైదరాబాద్ బోరు నీళ్లు తాగిన బండ్లకు ఆ అవసరం తరచూ వచ్చేది. కాల్షియం, మెగ్నీషియం నిండిన ఆ నీరు వేడెక్కినప్పుడల్లా గొట్టం గోడకు సున్నపు పొర వేస్తుంది. కాఫీ నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది అదే. పొర మందమైన కొద్దీ నీటిలోని వేడి బయటి గాలికి చేరడం కష్టమవుతుంది. మా బండికి పాతికేళ్లలో ఎన్ని బకెట్ల బోరు నీళ్లు పోశామో లెక్కలేదు. తప్పు బండిది కాదు, మాది.

ఇప్పుడొచ్చేవి అల్యూమినియం గొట్టాలు, ప్లాస్టిక్ తొట్లు. తేలిక, చవక. మధ్యలో రబ్బరు పట్టీ పెట్టి అల్యూమినియం అంచును ప్లాస్టిక్ మీదికి వంచి నొక్కేస్తారు. మంట పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది. అల్యూమినియానికి మామూలు టంకం అంటదు. మిస్త్రీ నాకు అమ్మింది అలాంటిదే. ధర 2,000 లోపే. పాత దానికి జాలీ మొత్తం మార్చి కట్టినా అంతకన్నా ఎక్కువే అవుతుందన్నాడు. డబ్బు తీసుకుంటూ ఇంకో మాట అన్నాడు. ''ఇది కారితే నా దగ్గరికి తేవద్దు సార్. పారేసి ఇంకోటి కొనుక్కోండి. దీనికి నా చేతుల్లో పని లేదు.'' తన వృత్తిని మింగుతున్న సరుకును తనే అమ్ముకుంటున్నాడాయన. కొడుకు ఏం చేస్తాడని అడిగాను. ఫోన్‌లో ఆర్డర్లు వస్తే సామాన్లు ఇళ్లకు చేరవేస్తాడట.

కొనుక్కున్న వస్తువును బాగుచేయించుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసి, ఆ డిసెంబరులోనే ఒక పోర్టల్ కూడా తెరిచింది. కార్లు కూడా దాని పరిధిలోవే. విడిభాగాలు, మాన్యువళ్లు అందుబాటులో ఉంచడం మంచి మాటే. బాగుచేయడానికే వీల్లేకుండా తయారైన భాగాన్ని ఏ హక్కు బాగుచేస్తుందన్నది అసలు చిక్కు.

మారుతి 800 విషయంలో ఆ చిక్కు తక్కువ. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు ఢిల్లీ వాసి హర్‌పాల్ సింగ్‌కు అందించింది మొదలు 2014 జనవరిలో ఉత్పత్తి ఆగేదాకా, పైన ఎన్ని హంగులు మారినా లోపల మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజినే. సరిహద్దుకు ఆవల అదే తరం సుజుకీ కారు మెహ్రాన్ పేరుతో 2019 దాకా తయారైంది. మూడు దశాబ్దాల పాటు రెండు దేశాల మధ్యతరగతి ఒకే ఇంజిన్ మీద బతికిందన్నమాట. సామాన్లు ఇంకా దొరకడానికి అదే కారణం. బానెట్ ఎత్తితే ఇంజిన్ చుట్టూ చెయ్యి పట్టేంత జాగా ఉంటుంది. మాది ఏసీ లేని మోడల్ కాబట్టి రేడియేటర్ ముందు అడ్డుగా కండెన్సర్ కూడా లేదు. పని ఇంట్లోనే చేసుకోమని మిస్త్రీ ధైర్యం చెప్పాడు. రెండు హోస్ పైపులు, వాటి క్లిప్పులు, కొత్త మూత కూడా చేతిలో పెట్టాడు. ''పాత మూత వాడొద్దు. స్ప్రింగు మెత్తబడితే కొత్త రేడియేటర్ కూడా మరుగుతుంది.''

ఆదివారం ఉదయం ఆరున్నరకు మొదలెట్టాను. బండి రాత్రంతా నిలిపి ఉంది కాబట్టి ఇంజిన్ చల్లగా ఉంది. మొదట బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేశాను. రేడియేటర్ వెనక తిరిగే ఫ్యాన్ కరెంటుది. అది వేడిని బట్టి తిరుగుతుంది, వేళ్లను చూసి ఆగదు. కింద టబ్బు పెట్టి, నీళ్లు వదిలే మర తిప్పబోతే తుప్పు పట్టి కదల్లేదు. బలవంతం చేయకుండా కింది హోస్ పైపే ఊడదీశాను. ఎర్రటి తుప్పు నీళ్లు దూకాయి. పైపులు పాతికేళ్ల పాటు అక్కడే అతుక్కుపోయి ఉన్నాయి. లాగితే ఇంజిన్ వైపు మూతి విరిగే ప్రమాదం ఉంది. బ్లేడుతో నిలువునా కోసి ఒలిచేశాను. ఎటూ కొత్తవి ఉన్నాయి కదా.

ఫ్యాన్ తీగ ప్లగ్గు పీకి, పది నంబరు, పన్నెండు నంబరు స్పానర్లతో బోల్టులు విప్పాను. మూడు తేలికగా వచ్చాయి. నాలుగోది గంటన్నర తీసుకుంది. తుప్పు వదిలించే నూనె కొట్టడం, టీ తాగడం, మళ్లీ కొట్టడం. తొందరపడి తల విరగ్గొడితే డ్రిల్లింగ్ మిషన్ తేవాలి. తొమ్మిదిన్నరకు రేడియేటర్ ఫ్యాన్‌తో సహా పైకి లేచింది. పాత దానికున్న ఫ్యాన్ విప్పి కొత్త దానికి బిగించాను. కింద రబ్బరు బుడిపెలు పాతవే, వాటిని మర్చిపోకూడదు. అవి లేకుంటే ఇంజిన్ అదురు నేరుగా ప్లాస్టిక్ తొట్టికి తగులుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచి చూశాకే బిగించాలి. కొత్త దాని పై చెవి రంధ్రం అర సెంటీమీటరు పక్కకు ఉంది. వాషర్ వేసి సర్దాను. ప్లాస్టిక్ మూతుల మీద క్లిప్పులు అతిగా బిగించకూడదు, పగులుతాయి.

బిగించే ముందు తోట పైపుతో ఇంజిన్‌లోకి నీళ్లు పంపి, తుప్పు రంగు పోయేదాకా కడిగాను. తర్వాత కూలెంట్. మన ఊళ్లో నీళ్లు గడ్డకట్టవు కదా, ఇదెందుకని చాలామంది అడుగుతారు. నాన్న కూడా పాతికేళ్లు అలాగే అనుకున్నారు. గడ్డకట్టకుండా చూడటం ఇథిలీన్ గ్లైకాల్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. అది మరిగే స్థానాన్ని కొన్ని డిగ్రీలు పెంచుతుంది. అందులో కలిపే మందులు తుప్పును ఆపుతాయి. అల్యూమినియానికి అది మరీ అవసరం. గాఢమైన కూలెంట్ అయితే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో, డబ్బా మీద రాసిన పాళ్లలో కలపాలి. కుళాయి నీళ్లు వద్దు. ఈ ద్రవం రుచికి తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలు నాకితే మూత్రపిండాలు చెడి చస్తాయి. కారిన చుక్కలను వెంటనే కడిగేయాలి. పిల్లలున్న ఇళ్లలో కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేశాను. లోపల చిక్కుకున్న గాలి బయటికి రాకపోతే కొత్త రేడియేటర్ ఉన్నా ఇంజిన్ మరుగుతుంది. బుడగలు రావడం మొదలైంది. అవి పట్టుబడ్డ గాలివి కావచ్చు. గాస్కెట్ కాలి, సిలిండర్లోంచి వస్తున్న వాయువు కావచ్చు. గాలి అయితే కాసేపటికి ఆగుతుంది. గాస్కెట్ అయితే ఆగదు. నాన్న కుర్చీ తెచ్చుకుని గేటు దగ్గర కూర్చున్నారు. పై హోస్ పైపును పిసుకుతూ చూస్తున్నాను. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. దాదాపు 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. చల్లగా ఉన్న పై పైపు ఒక్కసారిగా వేడెక్కింది. నీటి మట్టం గుటుక్కున దిగింది. మళ్లీ పోశాను. ఇంకో రెండు పెద్ద బుడగలు వచ్చాయి. తర్వాత ఏమీ లేదు. నీళ్లు నిలకడగా, అద్దంలా ఉన్నాయి. మూత బిగించాను. ఇంకాసేపటికి ఫ్యాన్ తనంతట తనే తిరిగింది, ముల్లు మధ్య గీత దగ్గరే ఉంది, ఫ్యాన్ ఆగింది.

రేడియేటర్, పైపులు, మూత, కూలెంట్ కలిపి ఖర్చు 3,500 దాటలేదు. నా కూలి లెక్కేస్తే గిట్టదు. తీసేసిన తుప్పు నీళ్లను ఏం చేయాలన్నది మాత్రం తేలలేదు. మా కాలనీలో వాటిని తీసుకునే చోటే లేదు. మురుగు కాలువలో పోయడానికి మనసొప్పక డబ్బాలో పోసి, పైన ''విషం'' అని రాసి మేడ మీద పెట్టాను. కారు వయసు గురించి అన్ని నిబంధనలు రాసినవారు దీని గురించి కూడా ఒక వాక్యం రాసి ఉంటే బాగుండేది.

పాత రేడియేటర్‌ను మిస్త్రీకి ఇచ్చాను. కాటా మీద పెట్టి, రాగి, ఇత్తడి ధర కట్టి, కొత్త దాని ఖరీదులో కొంత వెనక్కి ఇచ్చాడు. ఇలాంటివి ఇప్పుడు నెలకు నాలుగైదు కూడా రావడం లేదన్నాడు.

వారం తర్వాత అదే మధ్యాహ్నం వేళ, అదే మెహిదీపట్నం. ట్రాఫిక్ మళ్లీ ఆగింది. ముల్లు మధ్య గీత దగ్గరే ఉంది. నాన్న కాసేపు దాన్నే చూసి, చెయ్యి చాపి హార్న్ నొక్కారు. అది బొంగురుగా మోగింది.

''అక్టోబరులో ఇన్‌స్పెక్టర్ దీన్ని ఒప్పుకోడు'' అన్నారు. ''వచ్చే ఆదివారం ఖాళీయేనా?''